ట్యాంకెక్కిన కాశమ్మ

ఇబ్రహీంపట్నం మార్కెట్లో చేపలమ్మే కాశమ్మకు ఫోన్ పట్టుకోవడం వచ్చింది కానీ వదిలిపెట్టడం రాలేదని ఆమె కోడలు త్రివేణి అంటుంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. నిరుడు ఒకనాడు కాశమ్మ లైవ్ పెట్టి, ఆపడం మరిచిపోయి, ఫోన్‌ను చేపల గంపలో రవ్వు చేపల పక్కన పడుకోబెట్టింది. తెర మీద ముప్పావుగంట సేపు చీకటి. ఆ చీకట్లోంచి ఆమె గొంతు మాత్రం నిక్షేపంగా వినిపించింది. సుగుణమ్మ చేపల బేరం ఎట్లా ఆడుతుందో, చేపను ఎట్లా తిప్పి తిప్పి చూస్తుందో, తోక పట్టుకుని ఎట్లా ఊపుతుందో పక్క గంప ఆమెకు కాశమ్మ నటించి మరీ చెప్పింది. నలభై ఒక్కమంది విన్నారు. అందులో సుగుణమ్మ ఒకరు.

మర్నాడు సుగుణమ్మ వచ్చి, బేరమాడకుండా రెండు కిలోల చేప తీసుకుని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే కాశమ్మ ఆ రాత్రి నిద్రపోయేది.

ఇన్‌స్టాలో కాశమ్మకు ఒక పేజీ ఉంది. త్రివేణి పెట్టిచ్చింది. పేరు ‘కాశమ్మ కోలాటం’. రెండు వేల పైచిలుకు మంది చూస్తారు. అందులో చేపలుండవు, వంటలుండవు, పండగ శుభాకాంక్షలుండవు. సాయంత్రం పూట తన వాడకట్టు ఆడవాళ్లు ఆడే కోలాటం ఒక్కటే ఉంటుంది. అట్లాగని కాశమ్మ ఆడుతుందా అంటే, ఆడదు. ఒకప్పుడు ఆడింది, మూడు రోజులు. మూడో రోజు కోలతో కోలను కొట్టబోయి సుగుణమ్మ చిటికెన వేలిని కొట్టింది. అప్పుడు నేర్పే పెద్దమనిషి సాయన్న, “నువ్వు జర అట్ల కూసో కాశమ్మా, చూసుకుంట నేర్చుకుందువు” అన్నాడు. కూర్చుంది. చూసింది. చూడటంలో పడిపోయింది. ఇక లేవలేదు.

ఏముంది అందులో అంత చూడటానికి అని భర్త ఐలేష్ అడిగాడు ఒకసారి. తెల్లారకముందే చెరువులో వల వేసి వచ్చే మనిషి, సాయంత్రానికి కునికిపాట్లు పడుతుంటాడు. కాశమ్మ జవాబు వెతుక్కుంది. “ఆళ్లు పొద్దంత కూలికి పోతరు, కూర వండుతరు, పిల్లల్ని కొడతరు. కోలలు పట్టంగనే ఆళ్లు ఆళ్లు కారయ్యా. ఇంకెవరో అయితరు” అంది. ఐలేష్ అప్పటికే నిద్రపోయాడు. ఆ మాట ఎవరికైనా చెప్పాలన్న తపనే ఆమె చేత ఫోన్ పట్టించింది.

మొదట్లో ఫోన్ బొమ్మను మాత్రమే పడుతుందనుకుంది. అందుకని తీస్తూ తీస్తూ నోటికొచ్చింది మాట్లాడేది. “అబ్బ, ఏం తిరిగినవే తల్లీ.” “త్రివేణీ, పొయ్యి మీద పప్పు దించొచ్చినవా లేదా?” అవన్నీ కోలల చప్పుడుతో సహా లోకమంతా విన్నదని తెలిసి రెండు రోజులు మార్కెట్‌కు ముఖం చాటేసింది. మూడో రోజు త్రివేణి కామెంట్లు చదివి వినిపించింది. ‘అమ్మా, పప్పు సంగతి చెప్పలేదు’ అని పదిహేడు మంది అడిగారు. అప్పటినుంచి ఆమె గొంతు దాచుకోవడం మానేసింది.

ఆడవాళ్లు కోలాటం ఆడేది సాగర్ రోడ్డు మీదినుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక ప్లాట్ల వెంచర్లో. కమాను ఉంది, తారు రోడ్లున్నాయి, దీపాల స్తంభాలున్నాయి, నాలుగు కాళ్ల మీద నీళ్ల ట్యాంకు ఉంది. ఇండ్లు మాత్రం లేవు. ఉన్నది కావలి సైదులు గది ఒక్కటే. ఇంతకంటే చదునైన నేల, ఇంత వెలుతురు ఊళ్లో ఎక్కడా దొరకవు. నలుగురు ఆడవాళ్లు తిరుగుతుంటే ప్లాట్లు చూడవచ్చినవాళ్లకు కళగా కనిపిస్తుందని సైదులు కూడా వద్దనలేదు. ఆ నేల ఒకప్పుడు, వాడకట్టంతా ఇప్పటికీ పటేలమ్మ అని పిలిచే సుగుణమ్మ వాళ్ల జొన్నచేను. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తదు. రోడ్డు మీద అడుగు పెట్టేముందు చెప్పులు విడిచి పక్కన పెడుతుంది, అంతే.

ఇక సాయన్న. డెబ్బై రెండేళ్ల మనిషి. వయసులో ఉన్నప్పుడు మార్కెట్లో బస్తాలు మోశాడు. సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి కోలాటం నేర్పాడు. ఆయన చేతిలో రెండు ఇత్తడి తాళాలుంటాయి. వాటి మాటే ఆయన మాట. ఆయనకు వచ్చినవాటిలో జడ కోలాటం పెద్దది. నడుమ ఒక గుంజ. గుంజ కొసన ఒక ఇనుప రింగు. రింగుకు పాత చీరలు చీల్చి కట్టిన పన్నెండు రంగుల పట్టీలు. పన్నెండు మంది తలా ఒకటి పట్టుకుంటారు. ఆరుగురు కుడికి, ఆరుగురు ఎడమకు. ఎదురొచ్చినవాళ్ల పట్టీ కింది నుంచి ఒకసారి లోపలికి దూరాలి, తర్వాత వచ్చినవాళ్లను బయటి నుంచి దాటాలి. లోపల, బయట, లోపల, బయట. అట్లా ఆడుతుంటే గుంజ చుట్టూ పైనుంచి కిందికి జడ అల్లుకుంటూ వస్తుంది. తలల ఎత్తుకు రాగానే తాళం మారుతుంది. అందరూ వెనక్కి తిరిగి, అదే వరుసలో ఆడి, ఆ జడను విప్పాలి. చెయ్యి పెట్టి విప్పకూడదు. కత్తెర అసలే తాకకూడదు.

“అడుగుతోని అల్లింది అడుగుతోనే విప్పాలె” అంటాడు సాయన్న. “నా నలభై ఏండ్లల్ల రెండుసార్లు ఇరుక్కున్నది. రెండుసార్లు కోసి తీసినం. ఆ రెండు జట్లు మళ్ల ఎన్నడు కలిసి ఆడలే.”

ఆ వేసవిలో సాయన్న మోకాళ్లు మొరాయించాయి. వచ్చే ఆదివారం జడ ఆడించి మానేస్తానన్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. కాశమ్మ మాత్రం, మనసులో చాన్నాళ్లుగా తిరుగుతున్న ప్రశ్న అప్పుడు అడిగింది. ఎవరో కామెంట్లో రాసిన ప్రశ్నే అది.

“బాపు, గీ జడ పైకెల్లి చూస్తే ఎట్లుంటది?”

సాయన్న తాళాలను గుడ్డలో చుట్టుకుంటున్నాడు. “నాకేం ఎరుక? గుంజ కాడ నిలబడి తాళం ఏసెటోన్ని. నాకు కాళ్లే కనపడతయ్. తల ఎత్తితే పట్టీల అడుగుభాగం.”

“నలభై ఏండ్ల సంది?”

“నలభై ఏండ్ల సంది. పైకెల్లి ఎవడు చూస్తడు? దేవుడు చూస్తుండొచ్చు.”

కాశమ్మ ఇంటికి వచ్చి అన్నం కలుపుతూ అదే ఆలోచించింది. తాను రెండేళ్లుగా పక్కనుంచి తీసి లోకానికంతా చూపిస్తోంది. ఆట నేర్పినవాడేమో కింద నిలబడి కాళ్లు చూస్తున్నాడు. ఆదివారం దాటితే ఇక నిలబడనూ నిలబడడు. అల్లినదీ, విప్పినదీ, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి పైనుంచి తీసి ఆయనకు చూపించాలి. అంతే ఆమె కోరిక. ఆ కోరికకు అడ్డం ఒకటే ఉంది. గుంజ కంటే ఎత్తున, పక్కనే ఉన్నది నీళ్ల ట్యాంకు ఒక్కటే. కాశమ్మకు ఇంట్లో అటక ఎక్కాలంటేనే కళ్లు తిరుగుతాయి.

ఆదివారం ఎండ తగ్గాక ఆమె చీర కుచ్చిళ్లను గోచీ పోసి, ట్యాంకు ఇనుప నిచ్చెన కింద నిలబడింది. సైదులు బీడీ పారేసి లేచాడు.

“అక్కా, నిజంగనే ఎక్కుతవా? నేనెక్కి తీస్తగద, ఫోన్ ఇయ్యరాదు.”

“నీకు ఏది చూడాలెనో తెల్వది సైదులూ.”

“పడితే నా నౌకరి పోతది.”

“పడితే నేను పోత. నీ నౌకరి తర్వాత సంగతి.”

త్రివేణి వచ్చి లైవ్ నొక్కి ఫోన్ ఆమె చేతికిచ్చింది. “అత్తమ్మా, ఇగ దేన్ని ముట్టకు. దిగినంక నేనే ఆపుత. నువ్వేం నొక్కినా అంత పోతది.” కాశమ్మ ఆ మాటను అక్షరాలా పాటించింది. ఫోన్‌ను జాకెట్లో దోపుకుని ఎక్కింది. అందువల్ల చూసేవాళ్లకు మొదటి పది నిమిషాలు ఆమె గడ్డం, దాని వెనక ఆకాశం కనిపించాయి. ప్రతి మెట్టుకూ ఒక దేవుడి పేరు వినిపించింది. సగానికి వచ్చేసరికి దేవుళ్లు అయిపోయి, ఇంత ఎత్తున ట్యాంకు కట్టినవాడి వంశం మొదలైంది.

పైకి చేరి, చుట్టూ ఉన్న కమ్మీని రెండు మోచేతులతో వాటేసుకుని, కళ్లు మూసుకునే ఫోన్‌ను కిందికి తిప్పింది. కింద తాళాలు మోగాయి. అప్పుడు కళ్లు తెరిచింది.

ఆ తర్వాత కొంతసేపు ఆ లైవ్‌లో కాశమ్మ మాట లేదు. రెండేళ్లలో అట్లా జరగడం అదే మొదలు.

పక్కనుంచి చూసినప్పుడు వాళ్లు త్రివేణి, సుగుణమ్మ, ఫలానా వాళ్ల చిన్నకోడలు. పైనుంచి చూస్తే మనుషులు లేరు. నల్లటి రోడ్డు మీద పన్నెండు రంగులు ఒక బొడ్డులోంచి విచ్చుకుని తిరుగుతున్నాయి. సగం ఇటు, సగం అటు. ఒకదాని కిందికి ఒకటి దూరి, ఒకదాని మీది నుంచి ఒకటి దాటి, ఎక్కడా తగలకుండా, ఎక్కడా తొందర లేకుండా. ఒక్కో తాళానికి అంతా ఒక్కసారి మూసుకుంటుంది, మళ్లీ విచ్చుకుంటుంది. ఊపిరి తీసినట్టు. అన్నేళ్లు ఐలేష్ చెరువులో వల విసరగా చూసింది ఆమె. ఆ వల ఒక్క క్షణం గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్లలో పడిపోతుంది. ఇది పడిపోవడం లేదు. విచ్చుకుని అట్లాగే ఉంది. తిరుగుతూ ఉంది. దాని నడుమ, గుంజను ఆనుకుని, బూరుగుకాయంత బట్టతల ఒకటి కదలకుండా ఉంది. అది సాయన్న.

తాను ఎంత ఎత్తున ఉందో కాశమ్మ మరిచిపోయింది. కమ్మీని వదిలి రెండు చేతులా ఫోన్ పట్టుకుంది.

జడ సగం దిగింది. అప్పుడొచ్చింది వెంచర్ కుక్క. ఎవరి కాళ్లో దాని తోకమీద పడ్డాయేమో, కుయ్యిమని సుగుణమ్మ కాళ్ల సందున దూరింది. సాయన్న తాళం ఆపకుండానే నోటితో దాన్ని అదిలించాడు. కుక్క పోయింది. ఆట ఆగలేదు. కింద ఎవరికీ ఏమీ తెలియలేదు. పైన కాశమ్మ మాత్రం చూసింది. పసుపు పట్టీ ఎర్రదాని కిందికి దూరింది, సరే. తర్వాత ఆకుపచ్చదాన్ని బయటినుంచి దాటాలి కదా, దాని కిందికి కూడా దూరింది. పసుపు పట్టీ సుగుణమ్మది.

“అయ్యో, పటేలమ్మ రెండుమార్లు లోపలికే దూరిందే” అంది కాశమ్మ. అనేసి నాలుక కరుచుకుంది.

జడ తలల ఎత్తుకు వచ్చింది. తాళం మారింది. వెనక్కి తిరిగి విప్పడం మొదలుపెట్టారు. కాశమ్మ లెక్కపెట్టుకుంటూ చూస్తోంది. సరిగ్గా సగానికి వచ్చాక పసుపు పట్టీ బిగిసింది. ఆకుపచ్చది దాన్ని పట్టుకుంది. వెనక వస్తున్న నీలం వీటి మీద పడింది. పన్నెండు మందీ ఆగిపోయారు. తాళాలు ఆగిపోయాయి.

“ఎవలు తప్పిన్రు?” అని సుగుణమ్మ గొంతు. వెంటనే ఆమే, “త్రివేణీ, నువ్వేనా? నీ ధ్యాస ఎప్పుడు ఫోన్ మీదనే ఉంటది.”

“నేను బరాబర్ దూరిన పటేలమ్మా. నువ్వే లాగుతున్నవ్.”

“నేను తప్పుతనా? పన్నెండేండ్ల సంది ఆడుతున్న.”

పన్నెండు మందీ ఒక్కసారి మాట్లాడసాగారు. ఎవరికి తోచినట్టు వాళ్లు లాగుతున్నారు. లాగినకొద్దీ జడ బిగుస్తోంది. సాయన్న తల పైకెత్తి ముడిని చూస్తున్నాడు. ఆయన చేతిలో తాళాలు రెండూ అతుక్కుని ఉన్నాయి. మూడోసారి కోయాల్సి వస్తుందా అన్న ఆలోచన ఆయన ముఖంలో ట్యాంకు మీదికి కూడా కనిపించింది.

“లాగకుర్రి” అని అరిచింది కాశమ్మ. కింద లొల్లిలో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అరిచింది. గాలి ఆ మాటను చెరువు వైపు తీసుకుపోయింది.

వినపడింది ఒక్క సైదులుకే, అదీ ఫోన్లో. కళ్లెదుట ఆట జరుగుతుంటే ట్యాంకు నీడలో కూర్చుని ఆ ఆటనే లైవ్‌లో చూస్తున్నాడు ఆయన. ఆరేడు సెకన్లు ఆలస్యంగా ఆయన ఫోన్ “లాగకుర్రి” అంది. సైదులు లేచి, ఫోన్‌ను నెత్తి మీద ఎత్తిపట్టుకుని, రోడ్డు మధ్యకు పరుగెత్తాడు. “ఆగుర్రి, ఆగుర్రి. కాశక్క మాట్లాడుతున్నది.”

అందరూ ఒక్కసారి సద్దుమణిగారు. ఆ నిశ్శబ్దంలో పై నుంచి గొంతు నేరుగానే వినిపించసాగింది. కానీ సైదులు ఫోన్ దించలేదు. అందువల్ల కాశమ్మ అన్న ప్రతి మాటా మొదట ట్యాంకు మీదినుంచి వచ్చేది, ఆరేడు సెకన్లకు మళ్లీ సైదులు చేతిలోంచి వచ్చేది.

“పట్టీలు వదులు చేసి పట్టుకోర్రి. చిక్కుపడ్డదాన్ని లాగొద్దు. ఎవలు తప్పిన్రో నేను చూసిన” అంది ఆకాశం. “ఎవలు తప్పిన్రో నేను చూసిన” అంది ఫోన్.

“ఎవలు?” అని సుగుణమ్మ తల ఎత్తింది.

కాశమ్మకు చేపల గంప గుర్తుకొచ్చింది. తెర మీద చూస్తే ఎనిమిది వందల చిల్లర మంది ఉన్నారు. వాళ్లలో సుగుణమ్మ కూతురు హిమజ ఉండే ఉంటుంది, సుగుణమ్మ పుట్టింటివాళ్లు ఉండే ఉంటారు. సుగుణమ్మ పేరు దాచి, ఫలానా పిల్ల తప్పింది అని ఒక్క మాట అంటే ఎవరూ కాదనరు. కానీ ముడి విడిపోదు. కింద ఆ బట్టతల తన వైపే ఎత్తి ఉంది.

“నువ్వే పటేలమ్మా.”

అందరూ ఆగారు, రెండోసారి వచ్చేదాకా. వచ్చింది. “నువ్వే పటేలమ్మా” అంది సైదులు ఫోన్.

“కుక్క వచ్చినప్పుడు రెండుమార్లు లోపలికే దూరినవ్. ఎర్రదాని కిందికెల్లి ఒకసారి, ఆకుపచ్చదాని కిందికెల్లి ఒకసారి. ఇప్పుడు సక్కగ ఆడితే రాదు. గా తప్పే మళ్ల జెయ్యాలె, ఎనకకెల్లి. ముందు ఆకుపచ్చ కిందికి, తర్వాత ఎర్ర కిందికి.”

సుగుణమ్మ ముఖం ఎంత ఎర్రబడిందో పైకి కనిపించలేదు. నడుం మీద చెయ్యి వేసుకోవడం మాత్రం కనిపించింది. “ఎన్నడు లేంది, నన్ను తప్పు ఆడమంటున్నదా గీమె?”

“బరాబర్ చూసినవా కాశమ్మా?” అన్నాడు సాయన్న. ఆయన గొంతు పెద్దది కాదు. అయినా పైకి వచ్చింది.

“బరాబర్ చూసిన బాపు.”

ఆయన మరో ప్రశ్న వెయ్యలేదు. “అయితే తప్పుకు గూడ అడుగుంటది సుగుణమ్మా. తాళం ఇస్త. తప్పు.”

మిగతా పదకొండు మంది నిలబడ్డచోటే నిలబడ్డారు. సాయన్న చాలా మెల్లగా, ఒక్కొక్కటిగా తాళం వేశాడు. జీవితంలో మొదటిసారి కావాలని తప్పబోతున్న మనిషిలా సుగుణమ్మ కాలు గాలిలో ఒకసారి తడబడింది. పన్నెండేళ్లుగా బయటికి వెళ్లడం నేర్చిన కాలు అది. దాన్ని బలవంతాన లోపలికి తిప్పింది. ఆకుపచ్చ కింది నుంచి వంగి దూరింది. మరో తాళం. ఎర్రదాని కింది నుంచి దూరింది. నడుం లేపేసరికి ఆమె చేతిలోని పట్టీ వదులైంది. పైన, పసుపు ఎర్రలోంచి, ఆకుపచ్చలోంచి జారి, తన దారిన తాను బయటికి వచ్చేసింది.

సాయన్న తాళం వేగం అందుకుంది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే పన్నెండు మందీ కదిలారు. అప్పటిదాకా ఆడిన ఆట వేరు, ఆ తర్వాత ఆడింది వేరు. పగ్గం తెంచుకున్న లేగల్లాగా ఉన్నారు, అయినా ఒక్క అడుగు పక్కకు పడలేదు. జడ కిందినుంచి పైకి, పొర తర్వాత పొర, గుంజను వదిలిపెడుతూ పోయింది. చివరి చుట్టు విడిపోగానే పన్నెండు రంగులు గుంజ కొస నుంచి నలువైపులా ఒక్కసారి చాచుకుని నిలిచాయి. దూరాన చెరువు మీద సూర్యుడు వాలుతున్నాడు. ఆ వెలుతురు పట్టీల గుండా వచ్చి తారు రోడ్డు మీద పడితే, రోడ్డుకు కూడా పన్నెండు రంగులు పూసుకున్నాయి.

లైవ్‌లో ఆ చోట ఒక చిన్న శబ్దం వినిపిస్తుంది. ముక్కు ఎగబీల్చిన శబ్దం. గాలి వల్ల అని కాశమ్మ అంటుంది.

దిగడం వేరే కథ. ఆట అయిపోగానే ఎత్తు సంగతి గుర్తుకొచ్చి ఆమె కాళ్లు రెండూ మెట్టును వదలనన్నాయి. కింద సైదులు, పైన త్రివేణి కలిసి, ఒక్కో పాదాన్ని ఒక్కో మెట్టు మీద పెడుతూ దించారు. ఆటకు పట్టినంత సమయం పట్టింది. అదంతా కూడా లైవ్‌లో వెళ్లింది, ఎందుకంటే కాశమ్మ కోడలి మాట ప్రకారం దేన్నీ ముట్టలేదు.

సాయన్న రోడ్డు అంచు రాయి మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. త్రివేణి లైవ్ ఆపి, అంతా ఉందో లేదో చూసి, ఉందని తల ఊపింది. గడ్డం, ఆకాశం, వంశాల తిట్లు దాటించి, ఆట మొదలైన చోట పెట్టి ఆయన చేతికిచ్చింది. చేపల వాసన వేస్తున్న ఆ ఫోన్‌ను ఆయన రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

సుగుణమ్మ కాసేపు దూరంగానే నిలబడింది. తర్వాత వచ్చి కాశమ్మను మోచేత్తో నెట్టి చోటు చేసుకుంది. కుక్క వచ్చిన చోటికి ఆట రాగానే వంగి చూసింది. పసుపు ఒకసారి మునిగింది, మళ్లీ మునిగింది. “గింత సిన్నదానికేనా గంత లొల్లి?” అంది. “రేపు రవ్వులు తెస్తవా?” అంది సుగుణమ్మ. “తెస్త.” “పెద్దది తే. తిప్పి చూస్త.”

సాయన్న ఇవేవీ వినలేదు. ఆయన కుడిచేతి వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ముడి విడిపోయిన చోట వేళ్లు ఆగి, మళ్లీ అందుకున్నాయి. చివరి చుట్టు విడి రంగులన్నీ చాచుకున్నప్పుడు ఆయన ఫోన్‌ను ముఖానికి మరీ దగ్గరగా తెచ్చుకున్నాడు. నడుమ ఉన్న బట్టతల మీద బొటనవేలు పెట్టాడు.

“గిది నేనేనా?”

“నువ్వే బాపు.”

“గిదంత నా నెత్తి మీదనే అయితుండెనా, గిన్ని ఏండ్లు?”

ఆయన అడిగింది వాళ్లను కాదు.

కాశమ్మ తెర మీది అంకెలు చూసి ఉండబట్టలేకపోయింది. “బాపు, పదకొండు వందల మంది చూసిన్రు. అమెరికాలకెల్లి గూడ ఎవరో చూసిన్రంట. కామెంట్లు చదివిపియ్యమంటవా?”

సాయన్న ఫోన్ మీదినుంచి కళ్లు తిప్పలేదు. మోచేత్తో ఆమెను మెల్లగా పక్కకు జరిపాడు.

“ఆళ్లు చూస్తే చూసిన్రు. జర ఎలుతురుకు అడ్డం జరుగు. నన్ను చూడనియ్యి. త్రివేణీ, మొదటికెల్లి పెట్టు బిడ్డా.”